వెచ్చగూట్లో ఎర్రగడ్డలు

జాన్సన్‌విల్‌లో మేం ఈ మధ్య మారిన ఇంట్లో, నడవా చివర ఒక సన్నటి అల్మరా ఉంది. తాళాలు చేతికొచ్చిన రోజున మా ఆవిడ ఇడ్లీ పిండి గిన్నె పట్టుకుని నేరుగా దాని దగ్గరికి వెళ్ళింది. తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూసింది.

“ఇది చల్లగా ఉందేంటండీ?”

ఉంటుంది మరి. ఒకప్పుడు ఈ దేశంలో దాదాపు ప్రతి ఇంట్లోనూ అలాంటి అల్మరాలో వేణ్ణీళ్ళ సిలిండరు ఉండేది. రాగి సిలిండరు, బడికెళ్ళే పిల్లవాడంత ఎత్తు. దాని ఒంట్లోంచి రాత్రింబవళ్ళు కాస్త కాస్త వేడి కారుతూ ఉండేది. దాని పైనా పక్కనా చెక్క అరలు. ఇప్పుడు బయటి గోడకి గ్యాసు పెట్టె ఒకటి బిగిస్తున్నారు. కుళాయి తిప్పినప్పుడే నీళ్ళు కాగుతాయి. మంచి ఏర్పాటే. కోల్డ్ స్టోరేజీలకి యంత్రాలు డిజైన్ చేసే ఉద్యోగం నాది; వేడి ఎక్కడ వృథా అవుతోందో కనిపెట్టడానికే నాకు జీతమిస్తారు. అయినా ఆ ఖాళీ అల్మరా ముందు నిలబడితే, వృథాగా పోయిన వేడి వాసనే గుర్తొచ్చింది. పులుస్తున్న పిండి, ఆరుతున్న ఉన్ని మేజోళ్ళు, వాటి అడుగున సన్నగా ఉల్లిపొట్టు.

అది ఇన్వర్‌కార్గిల్ వాసన.

మా నాన్న అక్కడి పాలిటెక్నిక్‌లో చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక ఒక గోదాములో పనికి కుదిరి, మమ్మల్ని తెచ్చుకున్నాడు. మేమంటే అమ్మ, నేను, జేజి. కర్నూలు వైపు నాన్న తల్లిని జేజి అంటారు. ఇన్వర్‌కార్గిల్ ఈ దేశానికి అడుగున ఉన్న ఊరు. అది దాటితే సముద్రం, సముద్రం దాటితే మంచు. ఆ మంచు మీంచి బయల్దేరిన గాలి మధ్యలో ఎక్కడా ఆగకుండా మా పడకగదిలోకి వచ్చేది.

అద్దె ఇల్లు. పాత చెక్క ఇల్లు. పొద్దున లేచేసరికి కిటికీ అద్దాలు లోపలివైపు నీళ్ళు కారుతూ ఉండేవి. అమ్మ పాత తువ్వాలుతో తుడిచి, బకెట్లోకి పిండి, మళ్ళీ తుడిచేది. బీరువా వెనక గోడకి బూజు పట్టేది. జేజి మంకీ క్యాప్ పెట్టుకుని నిద్రపోయేది, మంకీ క్యాప్ పెట్టుకునే వంట చేసేది. ఇల్లంతటికీ వెచ్చటి చోటు ఒక్కటే, పొడిగా ఉండే చోటూ అదే. ఆ వేణ్ణీళ్ళ అల్మరాకి జేజి ‘వెచ్చగూడు’ అని పేరు పెట్టింది.

వెచ్చగూట్లో ఏది ఎక్కడ ఉండాలో కచ్చితమైన నియమాలుండేవి. పై అరలో దుప్పట్లు. దాని కింద నా బడి మేజోళ్ళు, నాన్న డ్యూటీ గ్లౌజులు. నడిమి అర, సిలిండరుకి ఆనుకుని ఉండేది, అన్నిటికంటే విలువైన స్థలం. అది ఇడ్లీ పిండికి, పెరుగు తోడుకి. అడుగున వడియాల పళ్ళెం. ఆ ఇంట్లో పెట్టిన వడియాలు ఏనాడూ ఎండ మొహం చూడలేదు. నేను చెప్పకుండా దూరి కూర్చునేది కూడా అడుగునే. ఒకసారి లేవబోయి తలతో నడిమి అర తట్టితే పెరుగు నా మేజోళ్ళ మీద ఒలికింది. వేరే జత లేదు. బాగా ఉతికాననుకునే వేసుకెళ్ళాను. మధ్యాహ్నానికి నా పక్క బల్ల పిల్ల చెయ్యెత్తి, “మిస్, ఇక్కడెవరో చీజ్ తెచ్చుకున్నారు” అంది.

ఆ ఇంటి అద్దెకి ఒక షరతు ఉండేది. ఇల్లు మాది, వెనక దొడ్డి మాది. దొడ్డిలో కంచె పక్కన ఉన్న పొడుగాటి మడి మాత్రం ఓనరుది. అందులో ఆయన ఉల్లి పెంచేవాడు. అది ఆయన తల్లిదండ్రుల ఇల్లట. ఆయన ఊరి బయట, సముద్రం వైపు, ఒంటరిగా ఉండేవాడు. వానైనా వడగళ్ళైనా నిక్కరు, మోకాళ్ళ దాకా ఉన్ని మేజోళ్ళు, గమ్‌బూట్లు. శనివారం పొద్దున మేం లేచేసరికి మడిలో వంగి ఉండేవాడు. ఆయన్ని నేను ఓనరు తాత అనేవాణ్ణి, జేజి ‘ఆయప్ప’ అనేది.

ఆ ఉల్లి ఏ కొట్లోనూ దొరకదు. వాళ్ళ ముత్తవ్వ స్కాట్లాండ్ నుంచి ఓడెక్కినప్పుడు మేజోడులో దాచుకొచ్చిన విత్తనమట. గోధుమ రంగు పొర, రాయిలాంటి గడ్డ, కోస్తే పక్క గదిలో వాళ్ళకీ కన్నీళ్ళు. జేజి మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“ఏందిరా అబ్బోడా ఇది? ఎర్రగడ్డ అంటే ఎర్రగా ఉండాల. ఇది కామెర్లు వచ్చినట్ల ఉండాదే.”

“ఏమంటోంది?” అని ఓనరు తాత నన్నడిగాడు.

“రంగు బాగుందట” అన్నాను.

వాళ్ళిద్దరి మధ్యా తర్జుమా నా పని. దౌత్యం కూడా నేనే కలిపేవాణ్ణి.

అలాంటి ఉల్లిని నిలుపుకోవడం రెండేళ్ళ పని. చలికాలం చివర కిటికీ దగ్గర ట్రేలో నల్లటి గింజలు చల్లాలి. సూదుల్లాంటి నారు వస్తుంది. నేల కాస్త వేడెక్కాక మడిలో నాటాలి. వేసవిలో అక్కడ పగళ్ళు చాలా పొడుగు, భోజనాలయ్యాక కూడా వెలుతురు పోదు. ఆ పగళ్ళకే గడ్డ ఊరుతుంది. ఆకు వాలాక పీకి ఆరబెట్టాలి. వాటిలో మేలైన వాటిని తినకుండా చలికాలమంతా దాచి, వసంతంలో మళ్ళీ పాతితే, అప్పుడు పువ్వు కాడ లేచి విత్తనం పడుతుంది. ఆ విత్తనం ఏడాది దాటితే సరిగా మొలవదు. అందుకని ఏటా ఒకవైపు గడ్డలు, ఒకవైపు విత్తనం. ఒక్క ఏడు తప్పితే గొలుసు తెగినట్టే.

నేను చెప్పబోయే ఏడాదిలో సగం గొలుసు అప్పటికే తెగింది. వేసవి చివర ఆగని వానకి విత్తనం పట్టిన పూల తలలన్నీ మడిలోనే బూజు పట్టి పోయాయి. మిగిలింది ఆ ఏటి గడ్డల పంట. వాటిని కారు షెడ్డు కింద, పాత ఇనప మంచం వల మీద ఆరబెట్టారు. ఆరాక ఓనరు తాత విత్తనం గడ్డల్ని ఏరడానికి కూర్చున్నాడు. జేజి కూడా ఎవరూ పిలవకుండానే ముక్కాలిపీట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. ఆమె పుట్టిందే ఎర్రగడ్డల పొలాల మధ్య.

ఆయన ఒక గడ్డ తీసి, మెడ గట్టిగా ఆరిందా అని బొటనవేలితో నొక్కి, విత్తనానికని ఎడమవైపు పెట్టాడు. జేజి దాన్ని తీసి తనూ నొక్కి చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. ఇంకొకటి నొక్కి ఆయన కుడివైపు వేశాడు. జేజి నొక్కింది, తల అడ్డంగా ఊపింది, అదీ కుడివైపే. అలా సగం గడ్డలయ్యాక ఆయన ఒకటి నొక్కి ఎడమవైపు పెట్టాడు. జేజి దాన్ని నొక్కి కుడివైపు వేసింది. ఆయన మళ్ళీ తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, మళ్ళీ నొక్కాడు. కాసేపటికి దాన్ని తీసుకెళ్ళి కుడివైపు వేశాడు. ఆ పూట నా అవసరం వాళ్ళకి ఒక్కసారి కూడా పడలేదు.

ఆయన ఎడమవైపువాటిని ట్రేలో సర్ది, ఇంటికి తీసుకెళ్ళి తన కొట్టంలో పెట్టుకున్నాడు. కానీ చలి ముదరకముందే తుంటి ఎముక ఆపరేషనుకి పిలుపొచ్చింది. ఆ తర్వాత కోలుకునేదాకా డునెడిన్‌లో కూతురి దగ్గర ఉండాలి. వెళ్ళేముందు నాన్నకి ఫోన్ చేశాడు.

“వచ్చి ట్రే తీసుకెళ్ళు. కూల్‌గా, డ్రైగా ఉండేచోట పెట్టు. అది పోతే మా గడ్డ ఇంక లేదు.”

నాన్న డ్యూటీకి వెళ్ళేముందు గతుకుల దారిన వెళ్ళి, మా పాత కారు వెనక బూట్‌లో ట్రే పెట్టుకుని తెచ్చి, వంటింట్లో దించి పరిగెత్తాడు. ఆ రాత్రి జేజి సంకటి గెలికి ఎర్రగడ్డ కారం నూరింది. చాలా బాగుంది. అదే ఆ తర్వాత ఆమె మీద సాక్ష్యమైంది.

మర్నాడు పొద్దున, ట్రే ఎక్కడ పెట్టాలన్న చర్చ నాన్నే మొదలుపెట్టి నాన్నే ముగించాడు.

“ఆయన రెండు కండిషన్లు చెప్పినాడు. కూల్, డ్రై. కూల్‌కి మనం చేయాల్సిందేమీ లేదు, ఊరంతా కూలే. డ్రై ఒక్కటే చూసుకోవాల. ఈ ఇంట్ల డ్రై యాడుంది?”

అందరం నడవా చివరికి చూశాం. అందులో ఎవరికీ తప్పు కనబడలేదు. పైగా అది మర్యాద. మేమంతా చలికి వణుకుతూ, ఒకరి ముత్తవ్వ సొత్తుని తెచ్చి ఇంట్లోని ఒకే ఒక్క వెచ్చటి చోట పెడుతున్నాం. జేజి తన ఇడ్లీ పిండిని, పెరుగుని స్వయంగా ఖాళీ చేయించింది. “పరాయి వాళ్ళ బిడ్డలు. మన పిండిదేముంది, యాడైనా పులుస్తాది” అంది.

అప్పుడు నాన్న ట్రే మీద కప్పిన గుడ్డ తీశాడు. యాపిల్ పెట్టెల్లో వచ్చే అట్ట ట్రే, గుంటకొక గడ్డ. మూలన ఒక గుంట ఖాళీగా ఉంది.

నాన్న ఆ గుంటలో వేలు పెట్టి చూశాడు. “అమ్మా, రాత్రి కారంలోకి ఎర్రగడ్డలు యాడివి?”

“బుట్టలోవి.”

“ఇందులోది తీయలేదు గదా?”

“తీసినానని అంటాండవా?”

“అనడం లేదమ్మా. అడుగుతాండ.”

“అడిగేది అనేదానికే గదా.”

అమ్మ సర్దబోయింది. “పోనీలే అత్తా. తెలీక తీసుంటావు, ఒక్కటే గదా.”

జేజికి అసలు కోపం అప్పుడొచ్చింది. “తెలీకనా? విత్తనం గడ్డేదో వండుకునే గడ్డేదో నాకు తెలీదా? దొంగ అన్నా ఓర్చుకుంటా గానీ, తెలీదంటే ఓర్చుకోను.” చేతిలో ఉన్న పిండి గిన్నె నేల మీద పెట్టింది. “ఇంక మీ ఇంట్ల నేను ఎర్రగడ్డ ముట్టుకుంటే ఒట్టు.”

అమ్మకి ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం. వంట జేజి చేతిలో ఉంది. అంటే ఆ చలికాలమంతా మా ఇంట్లో ఉల్లి లేదు. ఉల్లి లేని ఉగ్గాని తిన్నారో లేదో మీరు. తడిసిన బొరుగుల మీద పసుపు చల్లినట్టుంటుంది. ఉల్లి లేని పులుసు, ఉల్లి లేని కోడికూర, దోశ మీద ఎర్రకారం బదులు ఉత్త చక్కెర. ఒక ఆదివారం భోజనానికి వచ్చిన పాలిటెక్నిక్ కుర్రాడు రెండు ముద్దలు తిని, మర్యాదగా అడిగాడు.

“ఏం అంకుల్, దీక్షలో ఉన్నారా?”

“అట్లాంటిదే” అన్నాడు నాన్న.

నాన్న డ్యూటీ నుంచి వస్తూ ఫిష్ అండ్ చిప్స్ కొట్టులో ఆనియన్ రింగులు కొనుక్కుని, ఇంటి ముందు కారాపి, అందులోనే తినేసి లోపలికి వచ్చేవాడు. జేజి గుమ్మంలోనే వాసన పట్టేది. “కారులో తిన్నోళ్ళకి ఇంట్ల సంకటి ఎందుకు?” అనేది.

ఇడ్లీ పిండి ఇల్లు పోగొట్టుకుని జేజి మంచం చేరింది. రాత్రిళ్ళు ఆమె కాళ్ళ దగ్గర, రబ్బరు వేణ్ణీళ్ళ సంచి పక్కన, దుప్పటి కింద ఉండేది. ఒకరోజు పిండి మరీ బాగా పొంగి, ఆమె కాలి మేజోళ్ళ దాకా వచ్చింది. ఆ జతని ఆరేసుకోవడానికి కూడా వెచ్చగూట్లో చోటు లేదు.

ప్రతి ఆదివారం ఓనరు తాత డునెడిన్ నుంచి ఫోన్ చేసేవాడు. ఆ గడ్డల్ని ఆయన ‘నా ముసలమ్మలు’ అనేవాడు.

“నా ముసలమ్మలు ఎలా ఉన్నారు? మెత్తబడ్డారా? మొలకలు?”

“ఒక్కటి కూడా లేదు” అనేవాడు నాన్న గర్వంగా. “ఫుల్ డ్రై.”

వెచ్చగా ఉన్నారా అని ఆయన ఎన్నడూ అడగలేదు. అలా అడగాల్సిన అవసరం వస్తుందని ఆయన ఊహకి అంది ఉండదు.

వసంతం వచ్చి ట్రే బయటికి తీస్తే, గడ్డలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. గట్టిగా, గలగలలాడే పొరతో, ఒక్క మొలక లేకుండా. జేజి అలక మధ్యలో కూడా రెండు మూడింటి మెడలు నొక్కి చూసి, పైకి అనకుండా సంతోషపడింది. వెంటనే పాతనివ్వలేదు. “ఇంత చల్లటి మట్టిలోనా? పసిబిడ్డని తెచ్చి బావిలో వేసినట్ల” అని నేల బాగా వేడెక్కేదాకా ఆపించింది. పాతాక ఆకులు మోకాలెత్తు పెరిగాయి. ఆయన వచ్చి చూసేదాకా ఆగలేకపోయాం.

వసంతం ముగుస్తుండగా ఓనరు తాత తిరిగొచ్చాడు. నాన్న బస్టాండు నుంచి నేరుగా మా ఇంటికే తీసుకొచ్చాడు. ఆయన చేతికర్ర ఆనించుకుని మడి చివర నిలబడ్డాడు. మేం ఫోటోకి నిలబడ్డట్టు వరసగా నిలబడ్డాం. ఆయన కష్టం మీద వంగి, ఒక మొక్క మెడ పట్టి నొక్కాడు. తర్వాతది నొక్కాడు. ఆ తర్వాతది. పువ్వు కాడ లోపల ఉంటే వేలికి గట్టిగా, గుండ్రంగా తగులుతుందని నాకు అప్పుడు తెలియదు. ఆయన వరస చివరిదాకా వెళ్ళి, అక్కడే వీపు తిప్పుకుని నిలబడిపోయాడు.

“చలికాలం వీటిని ఎక్కడ పెట్టారు?”

“డ్రై ప్లేస్‌లో” అన్నాడు నాన్న.

“చూపించు.”

వెచ్చగూటి తలుపు తీశాం. ఆయన భుజం దాకా చెయ్యి లోపల పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

“ఆపరేషన్ అయ్యాక నన్ను ఇక్కడ పెట్టాల్సింది” అన్నాడు.

 అమ్మ టీ పెట్టింది. ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని కప్పులోకి చూస్తూ చెప్పాడు. “చలికాలం వచ్చి వెళ్ళిందని గడ్డకి తెలియాలి. తెలిస్తేనే పూస్తుంది. వీళ్ళకి పోయిన ఎండాకాలమే ఇంకా నడుస్తోంది. ఈ ఏడు వీళ్ళు ఆకులు వేస్తారు, చీలికలవుతారు. చీలిన గడ్డ చలికాలం ఆగదు.”

నేను తర్జుమా చేశాను. జేజి మంకీ క్యాప్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“అంటే బాగ చూసుకున్నందుకే చెడినాయా?”

“ఏమంటోంది?” అన్నాడు ఆయన.

ఆ ఒక్క మాటలో నేనేమీ కలపలేదు, ఏమీ తీయలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కప్పులోంచి తలెత్తి, “అవునని చెప్పు. కానీ ఆమెని తప్పు పట్టడం లేదని కూడా చెప్పు” అన్నాడు. తర్వాత నాన్నవైపు తిరిగాడు. “ట్రేలోవన్నీ పాతావా?”

నాన్న తన కప్పు బల్ల మీద పెట్టాడు. “ఒక గుంట మొదటి నుంచీ ఖాళీ.”

“నేను ఏ గుంటా ఖాళీగా పెట్టలేదే.”

నాన్న జేజివైపు చూడకూడదని ఎంత ప్రయత్నించాడో, అంత స్పష్టంగా చూశాడు. జేజి లేచింది. మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంది.

“ఆయప్ప కొట్టం నేను చూడాల. ఎంత చలి కావాలంటాడో నా చెయ్యి పెట్టి చూసొస్తా.”

ఎలాగూ ఆయన్ని ఇంట్లో దించాలి. ఆయన కాలు చాపుకోవాలని ముందు సీట్లో, జేజి, నేను వెనక. ఊరు దాటి గతుకుల దారిలో కొంత దూరం పోయామో లేదో, టైరు పంక్చరైంది. సన్నటి వాన అడ్డంగా కొడుతోంది. నాన్న దిగి బూట్ తెరిచి, స్పేర్ వీలు కోసం అడుగున పరిచిన అట్ట ఎత్తాడు. ఆ అట్టకి ఒక మూల ఎప్పటి నుంచో విరిగి, పిడికిలి పట్టేంత సందు ఉండేది. అట్ట ఎత్తిన నాన్న ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

నేను దిగి చూశాను. స్పేర్ వీలు నడుమ గుంటలో, కోడి పొదిగినట్టు, ఉల్లిగడ్డ కూర్చుని ఉంది. దాని నెత్తి నుంచి లేతపచ్చ మొలక లేచి, చక్రం అంచు చుట్టూ తిరిగి, వెనక దీపం సందులోంచి పడుతున్న వెలుతురు దాకా పాకింది. నాన్న ఆనియన్ రింగులు తిన్న ప్రతి సాయంత్రమూ అది ఆయన వెనకే ఉంది.

జేజి నెమ్మదిగా దిగింది. గడ్డని చూసింది. తర్వాత గడ్డని వదిలేసి కొడుకుని చూసింది.

“నాయనా, ఇట్ల చూడు. నా కడుపులో ఉందా, నీ కారులో ఉందా?”

“అమ్మా, వాన పడతాంది. ముందు టైరు…”

“టైరు తర్వాత. బాగ చూడు. తెలీక తీసింటివేమో, ఒక్కటే గదా.”

ఓనరు తాత కర్ర మీద వెనక్కి వచ్చాడు. గడ్డని రెండు చేతుల్తో పైకి తీసి, మెడ దగ్గర బొటనవేలు పెట్టాడు. ఆయన మొహం మారడం చూశాను. దాన్ని జేజికి అందించాడు. ఆమె నొక్కింది.

“ఉంది” అంది. “లోపల కాడ ఉంది.”

ఆ మాటకి ఎవరూ నన్ను తర్జుమా అడగలేదు. జేజి అలవాటు కొద్దీ శాలువా తీసి గడ్డ చుట్టూ కప్పబోయింది. “నో, నో” అన్నాడు ఆయన. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

“సరే, పెట్టు చలి. ఎంత కావాలంటే అంత పెట్టు” అని శాలువా తనే కప్పుకుంది. నెలల తర్వాత ఆమె నవ్వడం అప్పుడే చూశాను. నాన్న ఆ వానలో ఒక్కడే టైరు మార్చాడు. ఆయన వైపు ఎవరూ చూడలేదు.

ఆ ఒక్క గడ్డకి మేం చేసిన సేవలు నాకు వరసగా గుర్తున్నాయి. మడి నడుమ పాతాం. కాడలు లేచాక చీపురు కర్రలు పాతి, జేజి పాత చీర అంచుతో కట్టాం. నడి వేసవిలో కాడల కొసన తెల్లటి ఉండల్లా పూలు విచ్చాయి. ఆ గాలికి తేనెటీగలు ఎక్కువ నిలవవు. పుప్పొడి పువ్వు నుంచి పువ్వుకి అంటాలంటే అరచేత్తో తల నిమరాలని ఓనరు తాత చూపించాడు. పొద్దున జేజి నిమిరేది. మధ్యాహ్నం ఆయన వచ్చి, జేజి సరిగా నిమరలేదన్నట్టు మళ్ళీ నిమిరేవాడు. ఆయన వెళ్ళాక జేజి మళ్ళీ వెళ్ళేది. ఈ దేశంలో అంత ముద్దు చూసిన ఉల్లి ఇంకోటి ఉండదు.

ఒట్టు కూడా తీరింది. పూయని గడ్డలన్నీ ఆయన చెప్పినట్టే చీలికలయ్యాయి. వాటిని పీకి తెచ్చి జేజి ఒకేసారి కారం నూరింది. ఆ పొద్దున ఉగ్గానిలో బొరుగుల కంటే ఉల్లే ఎక్కువ. ఓనరు తాత ఆ కారాన్ని వెన్న రాసిన బ్రెడ్డు మీద పెట్టుకుని తిని, కళ్ళూ ముక్కూ తుడుచుకుని, ఇంకో ముక్కకి రాసుకున్నాడు.

“ఏమంటాండాడు?” అంది జేజి.

“రంగు బాగుందట” అన్నాను.

వేసవి చివర తలలు ఎండి, పగిలిన సందుల్లోంచి నల్లటి గింజలు కనబడుతున్నాయనగా మబ్బు పట్టింది. క్రితం ఏటి వాన లాంటి మబ్బే. గింజ ఇంకా పూర్తిగా ముదరలేదు. ఓనరు తాత కాడలతో సహా తలలు కోసి, కాగితం సంచిలో పెట్టుకుని, ఇంట్లోకి వచ్చి నడవా చివర నిలబడ్డాడు.

“ఇప్పుడు ఇక్కడే” అన్నాడు.

నాన్న నమ్మలేదు. “వేడిగా ఉంటుంది.”

“వేడే కావాలి.”

“కచ్చితంగానా?”

“అబ్బాయ్, నువ్వు తలుపు తియ్యి.”

ఈసారి జేజి నడిమి అర ఖాళీ చేయలేదు. పిండి పిండి చోటే ఉంది, సంచి పైన వేలాడింది. గింజలు ముదిరి, నల్లబడి, నేను తలుపు తీసినప్పుడల్లా సంచిలో గలగలమనేవి. ఓనరు తాత వాటిని సగం సగం చేశాడు. ఆయన సగం పులిసిన పిండి వాసనతోనే డునెడిన్‌లో కూతురి దొడ్డికి వెళ్ళింది. తర్వాత ఆయనా వెళ్ళాడు. రెండో సగం మాది.

ఆ తర్వాత చదువులో తెలిసింది. ఉల్లిగడ్డ సున్నాకి దగ్గరగా ఉన్న చలిలో నిద్రపోతుంది. కర్నూలు ఎండలాంటి వేడిలోనూ నిద్రపోతుంది. మధ్యస్థంగా ఉంటేనే మేలుకుంటుంది. తినడానికి దాచుకోవాలంటే మా వెచ్చగూడు తప్పు కాదు. విత్తనానికైతే ఓనరు తాత చెప్పిన చలే. ఆ పాఠం చెప్పిన ప్రొఫెసరుని నేను ఒక ప్రశ్న అడిగాను, కారు స్పేర్ వీలు గుంటలో చలికాలం సగటు ఉష్ణోగ్రత ఎంత ఉంటుందని. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

జేజి ఇప్పుడు లేదు. ఓనరు తాతా లేడు. ఆ ఇల్లు చేతులు మారింది. మడి ఉన్న చోట కారు నిలుపుకోవడానికి కాంక్రీటు పోశారని విన్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ రాగి సిలిండరు కూడా పీకేసి ఉంటారు. నాన్న జేజికి ఎన్నడూ తప్పయిందని చెప్పలేదు, చెప్పే అవకాశం ఆమె ఇవ్వలేదు. ఇంట్లో తాళంచెవి పోయినా, కళ్ళద్దాలు పోయినా, చివరికి ఫోన్ పోయినా జేజి కుర్చీలోంచి కదలకుండా ఒకే మాట అనేది. “ముందు టైరు గుంటలో చూడు. తర్వాత నన్నడుగు.”

ఇప్పటి కార్లలో స్పేర్ వీలు ఇవ్వడం మానేశారు. గుంట మాత్రం ఉంటుంది. నేను కారు కొన్నప్పుడు సేల్స్‌మన్ స్క్రీన్ గురించీ కెమెరాల గురించీ చెబుతుంటే, బూట్ అడుగు ఎత్తి ఆ గుంట లోతు కొలుచుకున్నాను. ప్రతి చలికాలం మా విత్తనం గడ్డలు యాపిల్ ట్రేలో, ఆ గుంటలో, కారు ఎక్కడికి పోతే అక్కడికి తిరుగుతాయి.

ఈ వారం ట్రే సర్దుతూ చూస్తే ఒక గుంట ఖాళీ. వంటింట్లోకి వెళ్ళాను. ఇడ్లీ పిండి ఓవెన్‌లో, లైటు వేసి ఉంది. మా ఆవిడ పెనం మీద దోశ తిప్పుతోంది. దోశ నిండా ఎర్రకారం, ఇల్లంతా ఉల్లి వాసన. నేను నోరు తెరిచేలోపే ఆవిడ వెనక్కి తిరగకుండా అంది.

“ముందు టైరు గుంటలో చూసి రండి.”

వెళ్ళాను. బయట గాలి, సన్నటి వాన. అట్ట ఎత్తి, గుంటలో చెయ్యి పెట్టి, మూలమూలా తడిమి చూశాను. లేదు. సీట్ల కింద కూడా లేదు.

లోపలికి వచ్చి కాళ్ళు తుడుచుకుని కూర్చున్నాను. ఆవిడ పళ్ళెం పెట్టింది.

“దొరికిందా?”

“దొరికింది” అన్నాను. దోశ మాత్రం చాలా బాగుంది.